ఊరందరి బొంత

చుట్టాలు ఒకరినొకరు పలకరించుకోకపోవడం మైలపల్లి నూకరత్నానికి కొత్తేమీ కాదు. విశాఖపట్నం జాలరిపేటలో పుట్టి పెరిగిన మనిషికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉగ్గుపాలతోనే అబ్బుతుంది. కాని గాజు పళ్ళెంలో, సూక్ష్మదర్శిని కింద కూడా చుట్టాలు పలకరించుకోరని తెలుసుకోవడానికి మాత్రం ఆమెకు సగం జీవితం పట్టింది.

ఆమె పని నరాలు వడలిపోయే జబ్బు మీద. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లలకు ముందు పాదాలు ఈడుస్తాయి, తరవాత మోకాళ్ళు నిలవవు, ఆ తరవాత చేతులు, చివరికి ఊపిరి. ఆమె అన్న సూరిబాబు అలాగే పోయాడు. తల్లి పోలమ్మను స్వయానా మేనమామకే ఇచ్చి చేశారు. ఇంటి పిల్ల ఇంట్లోనే ఉంటుంది, వలా పడవా చీలిపోవు అని పెద్దల ఆలోచన. మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలా జరగదు, ఎంతోమంది పిల్లలు గుండ్రాళ్ళలా తిరుగుతూనే ఉన్నారు. ఈ ఇంట్లో మాత్రం తండ్రి వైపు దాగి ఉన్న లోపమూ తల్లి వైపు దాగి ఉన్న లోపమూ ఒకటే అయి, రెండూ కలిసి పిల్లవాడి మీద పడ్డాయి. అన్న పోయిన నాడు నూకరత్నం ఇంకా బడికి వెళ్ళడం లేదు. పెద్దయ్యాక ఆ జబ్బునే చదువుకుంది.

వడలిన నరం మీద బతికున్న కణాలను అతుకులా వేస్తే నరం మళ్ళీ మేలుకుంటుందేమోనని ఆమె ఊహ. మొదటి అతుకుకు తనవీ, తల్లివీ, పిన్నులవీ, పెద్దమ్మలవీ కణాలు తీసుకుంది. ఒకే ఇంటివైతే ఒద్దికగా ఉంటాయనుకుంది. అవి ఒద్దికగానే ఉన్నాయి. తిన్నాయి, పెరిగాయి, పక్కపక్కనే పడుకున్నాయి. ఒకదానికొకటి చిన్న విద్యుత్తు మిణుగురైనా పంపుకోలేదు. పెళ్ళిభోజనాల దగ్గర అలిగిన బావల్లా తలలు వంచుకుని కూర్చున్నాయి.

ఆ ముడి విప్పింది అనుకోని కొరతే. ఒకరోజు పళ్ళెం నిండక, ఆమె సహాయ శాస్త్రవేత్త ఎస్తేరు రాణి తన కణాలు కొన్నీ, ఇంకో పరిశోధన కోసం ఊరి నలుమూలల నుంచీ సేకరించిన కణాలు కొన్నీ కలిపి పోసింది. అందులో ఒడియా కలాసీలున్నారు, ఓడల మీద వచ్చిన ఫిలిప్పీన్ నావికులున్నారు, యూనివర్సిటీలో చదివే నైజీరియా పిల్లలున్నారు, అరకు నుంచి దిగిన కొండవాళ్ళున్నారు. మర్నాటికి తెర మీద దీపావళి అయింది.

కారణం తేలడానికి మరికొంత కాలం పట్టింది గాని, తేలాక చూస్తే సులువైనదే. తనలాంటి కణమే పక్కనుంటే కణానికి అడిగేదేమీ ఉండదు. తనలాంటిది కానిది తగిలితే "నువ్వెవరు?" అని ఒక మిణుగురు పంపుతుంది, అవతలిది జవాబిస్తుంది. ఆ అడగడాలూ చెప్పడాలూ కలిసి ప్రవాహమై, చచ్చుబడ్డ నరాన్ని తట్టి లేపుతాయి. ఎంత ఎక్కువమంది, ఎంత వేరువేరు చోట్లవాళ్ళు కలిస్తే అంత గట్టిగా లేపుతాయి. ఒంట్లోకి వెళ్ళాక శరీరం వాటిని తరిమెయ్యకుండా మచ్చిక చేసే మందు ముందే ఉంది. ఒక్క సూదితో వెన్నులోకి ఎక్కిస్తే చాలు, ఆ అతుకు జీవితాంతం అక్కడే ఉంటుంది.

కూతురు చెప్పిందంతా విని పోలమ్మ "అయితే బొంతేగదేటి. అందరి కోకలూ కలిపి కుట్టినది" అంది. ఆ పేరే నిలబడిపోయింది. పెద్ద పెద్ద సభల్లో, పెద్ద పెద్ద పత్రికల్లో, ప్రపంచమంతా ఆ మందును బొంత అనే పిలిచింది.

బొంతకు నూకరత్నం ఒకే ఒక నియమం పెట్టింది. కణాలిచ్చినవారి పేరూ దేశమూ కులమూ అక్కడే చెరిపేస్తారు. ఒకసారి కలిశాక విడదీయరు. ఎవరివి కావాలో, ఎవరివి వద్దో ఎంచుకునే హక్కు ఏ రోగికీ లేదు. కొందరు మంత్రులూ కొందరు షావుకార్లూ ఎంచుకుంటామని అడిగారు. ఆమె మర్యాదగా తలుపు చూపించింది.

*

వాల్డెమార్ అనే ముసలాయన ఆ తలుపు లోపలికి వచ్చిన రోజున అతని వెంట కోడలు ఇంగ్రిడ్, చక్రాల కుర్చీలో తొమ్మిదేళ్ళ మనవరాలు ఫ్రీడా ఉన్నారు. ఎక్కడో చలిదేశపు కొండల్లో ఆడెల్‌హైమ్ అనే లోయ వాళ్ళది. అతని తండ్రి దాన్ని కొని, కంచె వేసి, తెల్లజాతి రక్తం ఒక్క చుక్క చెదరకుండా దాచుకునే చోటని ప్రకటించాడట. బయటివాళ్ళను చేసుకోరు, బయటివాళ్ళను రానివ్వరు. మూడో తరం వచ్చేసరికి లోయలో పిల్లల పాదాలు ఈడవడం మొదలైంది. ఫ్రీడా తండ్రి జబ్బుతో కాదు, ఎప్పటికైనా వచ్చి తీరుతుందనే జాతుల యుద్ధానికి తర్ఫీదు పొందుతూ, తోటివాడి తుపాకి పేలి చనిపోయాడు.

లోయ నమ్మకాలేమిటో నూకరత్నానికి వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, పిల్లే చెప్పింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూస్తున్నప్పుడు ఫ్రీడాకు భయమేసింది. భయమేసినప్పుడు వల్లె వేయమని లోయలో నేర్పిన పాఠం వల్లె వేసింది. చెవిలో పెట్టుకునే దుబాసి యంత్రం దాన్ని నింపాదిగా తెలుగు చేసింది. తెల్లవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. మిగతావాళ్ళు పిల్లల్ని కని మన చోటు ఆక్రమిస్తారు. యూదులు చాటునుండి తాళ్ళు లాగి వాళ్ళను ఆడిస్తారు. రక్తం కలిస్తే మనిషి చస్తాడు, జాతి చస్తుంది. ఆడపిల్ల పని మన బిడ్డల్ని కనడం. పెద్ద యుద్ధం వస్తుంది, చివరికి మనమే మిగులుతాం. ఇక్కడి పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు, ఒక్క తడుముకోలు లేకుండా చెప్పింది.

ఎస్తేరు ఊరుకునే మనిషి కాదు. ఆ సాయంత్రం కూర్చుని వెతికితే, నాలుగు ఖండాల్లో ఇలాంటి ముఠాలు కనబడ్డాయి. ఒకరంటే ఒకరికి గిట్టదు, ఎవరికి వారే అసలైన జాతి తామేనంటారు. పాఠం మాత్రం అందరిదీ ఒకటే, లోయ పేరు మార్చి చదువుకోవచ్చు. అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. కళ్ళకు కనిపించే నిజాన్ని ఎవరూ అంత చిన్న పిల్లల చేత వల్లె వేయించరని ఎస్తేరు అంది.

ఇంతకీ వాల్డెమార్ ఈ ప్రయోగశాలనే ఎందుకు వెతుక్కుంటూ వచ్చినట్టు? బొంత ఇప్పుడు మరో మూడు దేశాల్లోనూ తయారవుతోంది. ఆ ప్రశ్నకు అతను కాఫీ కప్పు పట్టుకుని, ఎంతో గౌరవంగా జవాబు చెప్పాడు. భారతీయులైతే అర్థం చేసుకుంటారట. మీరూ మేమూ ఆర్యులం, దూరపు దాయాదులం అన్నాడు. పైగా ఈ ప్రాంతంలో మేనమామకే పిల్లనిస్తారని ఒక పుస్తకంలో చదివాడట.

"ఇంటి రక్తం ఇంట్లోనే ఉంచుకున్నారు. మీ పూర్వీకులు తెలివైనవాళ్ళు" అన్నాడు.

నూకరత్నం చిన్నప్పటినుంచీ చాలా మాటలు పడింది. చేపల వాసనని తరగతిలో పక్కన కూర్చోనివారున్నారు, జాలరిదానికి జన్యుశాస్త్రమెందుకని నవ్వినవారున్నారు. ఏ తిట్టూ ఆ పొగడ్త మండించినట్టు మండించలేదు. అన్న పోయిన మంచం కళ్ళ ముందు కదిలింది. ఇక్కడ ఆర్యులమని చెప్పుకున్నవాళ్ళు మమ్మల్ని వీధి గుమ్మంలోనే నిలబెట్టారు, దాయాదుల లెక్క నాకు తెలియదు, మీ మనవరాలికి వైద్యం మాత్రం చేస్తాను అని చెప్పింది.

అప్పుడతను అసలు సంగతి బయటపెట్టాడు. చల్లటి పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, చంటిబిడ్డ ఉయ్యాల తెర తీసినంత మురిపెంగా మూత తీశాడు. లోయలో ఉన్న ప్రతి కుటుంబం కణాలూ సీసాల్లో వరుసగా ఉన్నాయి. బొంత వీటితోనే కుట్టాలి. బయటిది ఒక్క పోగు కూడా కలవకూడదు.

కుట్టలేమని నూకరత్నం చెప్పింది. అతను నమ్మలేదు. అయితే చూడండి అని, అతని ఎదుటే సీసాలు విప్పించి పళ్ళెం నింపించింది. రెండు రోజులు ఆగారు. తెర నల్లగా ఉండిపోయింది. లోయ కణాలు మంచి తిండి తిని, నున్నగా పెరిగి, జాలరిపేట చుట్టాలకన్నా గాఢంగా మూగబోయాయి.

వాల్డెమార్ తెరకేసి కాదు, ఎస్తేరుకేసి చూశాడు. ఆమె పేరు అప్పుడే అతని చెవిన పడింది. ఎస్తేరు అంటే యూదుల పేరు కదా, మీ ప్రయోగశాల వెనక ఎవరున్నారని అడిగాడు. లోకంలో ఏది చెడినా దాని వెనక ఆ ఒక్క జాతి చెయ్యే ఉంటుందని నమ్మేవాడు ఎస్తేరు పుట్టిన తునిలో కూడా ఆ చెయ్యినే వెతుక్కుంటాడు.

"మా వెనక మా నాయనమ్మ ఉందండి. బైబిల్లో పేరు చూసి పెట్టింది. మాది తుని, తమలపాకులకు ప్రసిద్ధి" అంది ఎస్తేరు. ఆ తరవాత కొత్త చేతి తొడుగులు తీసి అతనికిచ్చి, నేను ముట్టుకోను, మీరే పొయ్యండి అంది.

అతను తన చేతులతోనే పోశాడు. వణకని చేతులు, నేర్పు గల మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. మళ్ళీ రెండు రోజులు ఆగారు. పళ్ళెం మళ్ళీ నల్లగానే ఉంది.

*

ఆ మధ్య రోజుల్లో ఇంగ్రిడ్ నోరు విప్పింది తక్కువ. చికిత్సకు వచ్చిన పిల్లలందరికీ మధ్యాహ్నం పోలమ్మ వండి తెచ్చేది. కూతురు పెద్ద శాస్త్రవేత్త అయింది గనక తల్లి కుర్చీలో కూర్చోవాలని ఎవరైనా అంటే, కూతురి ప్రయోగశాలలో పిల్లలు ఆకలితో ఉంటే నా పరువు పోదా అనేది. ఫ్రీడాకు ముళ్ళు తీసిన చేప ముక్క పెడుతూ, ఇంగ్రిడ్‌ను వివరాలడిగింది. దుబాసి గుండీలు ఇద్దరి చెవుల్లోనూ ఉన్నాయి. వాల్డెమార్ ఇంగ్రిడ్‌కు మామగారే కాదు, తల్లికి అన్నగారు కూడానని తేలింది. ఆ చుట్టరికానికి ఇంగ్రిడ్ భాషలో విడిగా పేరైనా లేదు. పోలమ్మకు పేరు వెతుక్కోనక్కర్లేకపోయింది.

"మేనమామ కొడుకుని సేసుకున్నావన్నమాట. అయితే అమ్మీ, నువ్వూ నానూ ఒక బాపతే" అంది.

తన సూరిబాబు సంగతి అంతా చెప్పింది. ఏడవలేదు, ఏడుపు ఏనాడో ఇంకిపోయింది. పెద్దలు మంచికే చేశారు, వాళ్ళకు తెలియదు, తెలిశాక నా చెల్లెళ్ళ పిల్లలకు బయట సంబంధాలు నేనే చూశాను అని చెప్పింది. ఇంగ్రిడ్ ఫ్రీడా మూతి తుడిచింది. ఆ తరవాత, లోయలో తనకు కార్ల్ అని ఇంకో బిడ్డ ఉన్నాడనీ, రెండేళ్ళవాడనీ, వాడు నిలబడినప్పుడల్లా వాడి ముఖం చూడననీ, పాదాలే చూస్తాననీ చెప్పింది. పోలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

రెండో పళ్ళెం కూడా మూగబోయిన మధ్యాహ్నం వాల్డెమార్ చివరి బేరం పెట్టాడు. బయటివాళ్ళు కలవక తప్పదంటే, తెల్లవాళ్ళవి మాత్రమే ఏరి కలపండి అన్నాడు. ఏరడానికి మా దగ్గర పేర్లు లేవు, ఉన్నా ఏరం అంది నూకరత్నం. అతని ముఖం ఎర్రబడింది. తన వంశం ఎంత పాతదో, ఎన్ని తరాలు మచ్చ లేకుండా వచ్చిందో, అలా పుట్టినందుకు తానెంత గర్విస్తాడో గదిలో ఉన్నవాళ్ళందరికీ చెప్పాడు. అన్నం గిన్నెలు సర్దుకుంటున్న పోలమ్మ ఆగింది.

"ఓ పెద్దాయినా, ఒక మాట సెప్పు. నువ్వలా పుట్టడానికి ఏటి కష్టపడినావు? కష్టపడింది మీ యమ్మ కదా. గొప్పలు పోతే ఆవిడ పోవాల. నా కూతురు రాత్రీ పగలూ కళ్ళు కాయలు కాసీలాగ పని సేసి ఈ మందు కట్టింది. దానికి నాను గొప్పలు పోతాను. నువ్వేటి సేసినావో అది సెప్పు."

నూకరత్నం తల్లిని అన్నాళ్ళూ ప్రేమించింది, భయపడింది, విసుక్కుంది. ఆ రోజు ఆమెను చూసి ఛాతీ ఉప్పొంగింది. ఆ మాట అప్పుడే పైకి చెప్పాలనిపించింది గాని, వాల్డెమార్ లేచి నిలబడ్డాడు.

అతను కోడలికి లోయ చట్టం గుర్తు చేశాడు. రక్తం కలిసినవారికి లోయలో చోటు లేదు. బొంత ఎక్కించుకుంటే ఫ్రీడా వెనక్కి రాకూడదు, ఎక్కించనిచ్చిన తల్లీ రాకూడదు. కార్ల్ లోయ బిడ్డ, లోయలోనే ఉంటాడు. సాయంత్రం విమానానికి ముగ్గురం వెళ్దాం అన్నాడు.

ఇంగ్రిడ్ కుర్చీ వెనక నిలబడి ఉంది. రెండు చేతులతో కుర్చీ పిడి పట్టుకుంది.

"ఫ్రీడా అక్కడికి వస్తే చచ్చిపోతుంది. ఇక్కడుంటే మీకు చచ్చిపోయినట్టు. నాకు ఇదే కావాలి" అంది.

బిడ్డను పంపమని అడిగింది. పంపనన్నాడు. అతను వెళ్ళిపోయాక ఆమె నేల మీద కూర్చుని, కార్ల్ పేరు పిలుస్తూ ఏడ్చింది. ఒక బిడ్డను బతికించుకోవడానికి ఒక బిడ్డను వదులుకున్న తల్లిని ఏమని ఓదార్చాలో నూకరత్నానికి తెలియలేదు. ఆ దేశంలో ఒక వకీలును మాత్రం కుదిర్చింది. కేసు వేశారు, కేసు కేసులాగే నడిచింది.

*

బొంత ఫ్రీడా వెన్నులోకి వెళ్ళిన వారానికి బొటనవేలు కదిలింది. ఆషాఢం వెళ్ళేసరికి పిల్ల గోడ పట్టుకుని నిలబడింది. నడిపించే నర్సు చెయ్యి అందిస్తే విదిలించుకుని, పోలమ్మ దగ్గర నేర్చిన భాషలో "వొదిలీ, నానే నడుస్తాను" అంది. నర్సులందరూ ఆ మాట ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు.

ఒకరోజు నూకరత్నం మోకాలు పరీక్షిస్తుంటే, నాలో ఇప్పుడు ఎవరెవరున్నారని ఫ్రీడా అడిగింది. చాలామంది ఉన్నారు, పేర్లు నాకూ తెలియవు అంది నూకరత్నం. రక్తం కలిస్తే చస్తారు కదా, మరి నేనెప్పుడు చస్తాను అని పిల్ల అడిగింది. కళ్ళల్లో నిజమైన భయముంది. ఇన్నాళ్ళూ ఆ భయం మోస్తూనే అది నడక నేర్చుకుందని తెలిసి నూకరత్నం చేతిలోని సుత్తి పక్కన పెట్టింది. వాళ్ళు కలిశారు గనకే నీ కాలు లేస్తోంది, కావాలంటే లేపి చూడు అంది. ఫ్రీడా లేపింది, దించింది, ఇంకోసారి లేపింది.

"అయితే పాఠం తప్పు" అంది.

ఆ నెలలోనే లోయ నుంచి కబురు వచ్చింది. అక్కడ ఇంగ్రిడ్‌కూ ఫ్రీడాకూ అంత్యక్రియలు జరిపారు. రెండు సమాధులు కట్టి, పేర్లు చెక్కి, పువ్వులు పెట్టి ఫొటో పంపారు. ఇంగ్రిడ్ తన పేరున్న రాయిని కాసేపు చూసింది. ఫోను పక్కన పెట్టి నూకరత్నం గదిలోకి వచ్చి, తన కణాలు బొంతకు ఇస్తానంది.

ఇక్కడ నూకరత్నం తప్పు చేసింది. ఆలోచిద్దాం అంది. ఆలోచించడానికేమీ లేదని ఆమెకు తెలుసు. నియమం రాసింది తనే. ఎవరి కణాలనూ కాదనరాదు. కాని ఆ రక్తం అనగానే చల్లటి పెట్టె మూత తీసిన ముసలాడి మురిపెమే గుర్తొచ్చింది. ఎస్తేరుతో చెబితే, ఎస్తేరు ఒక్కసారిగా మండిపడింది. మా నాయనమ్మకు టీకొట్టులో వేరే గ్లాసు పెట్టేవారు మేడం, అది తనే కడుక్కుని తనే బోర్లించాలి, ఆ శుద్ధి వాసన నాకు ఆమడ దూరం నుంచి తెలుస్తుంది, నా కణాల పక్కన వాళ్ళవి వద్దు అంది. నూకరత్నానికి అది న్యాయంగానే తోచింది. ఇంగ్రిడ్ ముఖం తప్పించుకుని రోజులు గడిపింది.

ఇంగ్రిడ్ మళ్ళీ అడగలేదు. పిల్లల వార్డులో పడకలు సర్దుతూ, పోలమ్మతో కలిసి చేపలు కడుగుతూ ఉండిపోయింది. కాదనిపించుకోవడం తనకు తగిన శిక్షేనన్నట్టు ఆ మౌనం ఉంది.

ఒక పొద్దున నూకరత్నం వచ్చేసరికి ఎస్తేరు అప్పటికే పని బల్ల దగ్గర ఉంది. ముందు కొత్త పళ్ళెం ఉంది. ఇంగ్రిడ్ కణాలు తీసింది తనేనంది. పళ్ళెంలో రెండే రకాలు, ఇంగ్రిడ్‌వి, తనవి.

"నాయనమ్మను కల్లోకి రమ్మని కూర్చుంటే రాలేదు మేడం, అందుకని నేనే ఆలోచించుకున్నా. మన బొంత ఎవర్నీ గుమ్మంలో నిలబెట్టదు. నిలబెట్టిన రోజున అది ఆ ముసలాయన బొంత అయిపోద్ది. నా కోపం నా దగ్గరే ఉంది, అదెక్కడికీ పోలేదు. కోపం వేరు, పని వేరు."

తెర మీద మిణుగురులు లేచాయి. ముందు ఎస్తేరు వైపు నుంచి ఒకటి వెళ్ళింది. కాసేపు ఏమీ లేదు. తరవాత, లోయలో తరతరాలుగా అడిగేవాళ్ళు లేక మూగబడ్డ కణాలు ఒక్కొక్కటిగా జవాబు చెప్పడం మొదలుపెట్టాయి. రెండే రకాల నుంచి అంత గట్టి ప్రవాహం ఆ ప్రయోగశాలలో ఎప్పుడూ చూడలేదు. నూకరత్నానికి సిగ్గూ వేసింది, గర్వమూ కలిగింది. సిగ్గు తన మీద, గర్వం తన పక్కనున్న ఆ పిల్ల మీద. రెండూ దాచుకోకుండా ఎస్తేరుకు చెప్పేసింది. ఎస్తేరు కళ్ళు తుడుచుకుని, టిఫినుకు డబ్బులు మీరే ఇవ్వాలి అంది. ఆ మధ్యాహ్నం ఇంగ్రిడ్ కణాల మీద పేరు చెరిపేసి అందరివాటితో కలిపేశారు.

*

మరుసటి ఏడాది చలికాలం చివర్లో, మిట్టమధ్యాహ్నం, వార్డులో పెద్ద తెర మోగింది. వాల్డెమార్ ముఖం కనిపించింది. చిక్కిపోయాడు. వెనక కిటికీలో మంచు పడుతోంది. ఇంగ్రిడ్ చేతిలో తడి దుప్పటి ఉంది, దాన్ని వదలకుండానే తెర ముందుకు వచ్చింది. నూకరత్నం బయటికి వెళ్ళబోతే, ఉండమని సైగ చేసింది.

చచ్చిపోయినవాళ్ళతో ఎలా మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు. కాసేపు దగ్గాడు. కార్ల్ పాదాలు ఈడుస్తున్నాయని చెప్పాడు. పొద్దున మంచం దిగుతూ పడ్డాడట, నిన్న కూడా పడ్డాడట.

ఇంగ్రిడ్ దుప్పటిని గుండెకు అదుముకుంది. నీళ్ళు జాకెట్టు మీదికి కారాయి, ఆమె చూసుకోలేదు.

అతను నేలచూపులు చూస్తూ తన ఉపాయం చెప్పాడు. ఎన్ని రాత్రులు ఆలోచించాడో గాని, చాలా పకడ్బందీగా చెప్పాడు. నువ్వు లోయ బిడ్డవే, నీ రక్తం మా రక్తమే. లోయ కణాలు అక్కడ అందరిలో కలిసి మాట నేర్చుకున్నాయని పత్రికలో చదివాను, అవి నీవే అయి ఉండాలి. మాట నేర్చిన నీ కణాలను మాత్రం బయటికి తీసి పంపించు. వాటితో కార్ల్‌కు ఇక్కడే ఎక్కిస్తాం. బయటి పోగు కలవదు, చట్టం తప్పదు, బిడ్డ బతుకుతాడు. అలా చెబుతున్నప్పుడు అతని గొంతులో పాత గర్వం లేదు. మనవడి కోసం తన చట్టానికి ఒక సందు వెతుక్కుంటున్న తాత గొంతే ఉంది. నూకరత్నానికి అతని మీద మొదటిసారి జాలి కలిగింది, కలిగినందుకు కోపమూ వచ్చింది.

ఇంగ్రిడ్ ఏమంటుందో ఆమెకు తెలియదు. బిడ్డ అక్కడ, ఈ మనిషి చేతుల్లో ఉన్నాడు. అతనికి కోపం తెప్పించే ఒక్క మాటతో ఆ తలుపు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. అబద్ధం చెప్పి బొంతనే పంపితే ఎవరికి తెలుస్తుంది? ఇవి నావే అంటే చాలు. నూకరత్నం ఆ అబద్ధానికి సిద్ధంగానే ఉంది, ఇంగ్రిడ్ అడిగితే తలూపేది.

ఇంగ్రిడ్ దుప్పటి కింద పెట్టింది. మెడ నిటారుగా నిలిపింది. లోయ నుంచి వచ్చిన నాడు కుర్చీ వెనక దాక్కున్న మనిషేనా అనిపించింది.

"మామయ్యా, వాటిని విడదీయడం ఎవరి వల్లా కాదు. విడదీస్తే మళ్ళీ మూగబోతాయి, మీరు కళ్ళారా చూశారు. ఎస్తేరు లేకుండా నేను లేను. ఇక్కడి జాలర్లు లేకుండా, పేరు తెలియని నావికులు లేకుండా, మీ పాఠంలో మీరు తిట్టే ప్రతివాళ్ళూ లేకుండా నేను లేను. కార్ల్‌కు నన్ను ఇస్తాను, సంతోషంగా ఇస్తాను. నన్ను తీసుకుంటే అందరినీ తీసుకోవాలి. వాణ్ణి తీసుకుని రండి."

అవతల చప్పుడు లేదు. తెర ఆగిపోయిందేమోనని నూకరత్నం అనుకుంది, కాని కిటికీలో మంచు పడుతూనే ఉంది. కారిడార్‌లో ఫ్రీడా ఎవరితోనో పరుగు పందెం పెట్టుకున్న అడుగుల చప్పుడు వినిపించింది. వాల్డెమార్ తల ఎత్తాడు. ఆ చప్పుడు అతనికీ వినబడింది. అది దూరమై, మలుపు తిరిగి, మళ్ళీ దగ్గరయ్యేదాకా విన్నాడు.

అప్పుడతను అడిగాడు.

"అక్కడిప్పుడు ఎండలా? పిల్లవాడికి ఎలాంటి బట్టలు సర్దమంటావు?"

ఇంగ్రిడ్ కింద పెట్టిన దుప్పటిని మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. పలచటి నూలు చొక్కాలు చాలునని చెప్పింది.